రెండో అంతస్తు బటన్

నేను ఒక లిఫ్టు బటన్‌ని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గుంటూరు కొరిటెపాడులో వసుంధర ఎన్‌క్లేవ్ అనే అపార్టుమెంటు లిఫ్టులో రెండో అంతస్తుకు తీసుకుపోయే బటన్‌ని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, మధ్యలో నల్లగా రెండంకె, వెనక బియ్యపు గింజంత ఎర్రదీపం. వేలు గట్టిగా పడితే టిక్‌మని వెలుగుతాను. అంతస్తు రాగానే ఆరిపోతాను. నా బతుక్కి ఇంతకు మించి పని లేదు. ఆ ఉన్న పని కూడా కొన్నాళ్లు లేకుండా పోయింది. ఆ సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నేను పుట్టింది ఊరి బయట పారిశ్రామికవాడలో, ఒక రేకుల షెడ్డులో. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోశారు, చల్లారాక బయటికి తోశారు. పుట్టుక గురించి అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. అక్కడ బల్ల ముందు కూర్చున్న ఒకావిడ మమ్మల్ని ఒక్కొక్కదాన్నీ తీసి, తీగలున్న చెక్క మీద పెట్టి, వేలితో నొక్కి చూసేది. వెలిగినవి కుడిపక్క డబ్బాలోకి, వెలగనివి ఎడమపక్క డబ్బాలోకి వెళ్లేవి. ఎడమ డబ్బాలో పడ్డవాటి గురించి మళ్లీ ఎవరూ మాట్లాడేవారు కాదు. తప్పు దీపానిదా, తీగదా, ఆవిడ వేలు సరిగా పడకపోవడమా అని చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. నేను వెలిగాను. కుడి డబ్బాలో పడ్డాను. అప్పట్లో అది నా గొప్పే అనుకున్నాను.

గుంటూరు వచ్చాక నన్నూ, నాతోటి నాలుగు బటన్లనూ ఒక స్టీలు రేకుకు బిగించారు. అన్నిటికంటే కింద సున్నా, అంటే పార్కింగు. పైన ఒకటి, ఆపైన నేను, నా నెత్తిన మూడు, ఆపైన నాలుగు. లిఫ్టు మొదలైన రోజున బిల్డరు కొబ్బరికాయ కొట్టించి మా ఐదుగురికీ పసుపు రాసి బొట్లు పెట్టించాడు. అప్పటినుంచి ప్రతి దసరాకీ ఎవరో ఒకరు వచ్చి బొట్టు పెడుతూనే ఉన్నారు. నా అంచుల్లో ఇరుక్కున్న కుంకుమ ఏ గుడ్డకీ లొంగదు.

బిల్డరు చేతినుంచి అసోసియేషన్ చేతికి వచ్చాను. అసోసియేషన్ అంటే మొదట్లో ఒక డాక్టరుగారు. ఆయన విసిగిపోయాక ఎరువుల కొట్టాయన. ఆయనా విసిగిపోయాక నాలుగో అంతస్తులో ఉండే జూనియర్ కాలేజీ లెక్చరరు విరూపాక్షం గారు. కాగితాల్లో నేను ఇక్కడి ఇళ్లవాళ్లందరి ఉమ్మడి ఆస్తిని. కానీ కాగితాలు నాకేం తెలుసు? నాకు తెలిసింది వేళ్లు. మా ఐదుగురిలో ఎవరి వేళ్లు వాళ్లకుంటాయి. నాకు వచ్చేవి రెండిళ్ల వేళ్లు. రెండువందల ఒకటిలో దేవసహాయం గారు, ఆయన భార్య సువార్తమ్మ గారు. రెండువందల రెండులో చక్రధర్ కుటుంబం. చక్రధర్ ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయాక ఆ ఇంటికి తాళం పడింది. అద్దెకిస్తే గోడలు పాడైపోతాయని ఎవరికీ ఇవ్వలేదు. దాంతో నాకు మిగిలింది ఒక్క ఇల్లు.

దేవసహాయం గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టిక్కెట్లు చింపీ చింపీ ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కాయకట్టి ఉండేవి. లిఫ్టులోకి రాగానే ఆ చూపుడువేలితో నన్ను ఒక్క పోటు పొడిచి, "రైట్... రైట్!" అని కేకేసేవారు. లిఫ్టులో పిల్లలుంటే పకపకా నవ్వేవాళ్లు. "రెండో అంతస్తులో దిగేవాళ్లు ముందుకి రావాలి, చిల్లర సరిపోయిందా చూసుకోవాలి" అనేవారు ఇంకా ముఖం సీరియస్‌గా పెట్టి. సువార్తమ్మ గారు చెంగు నోటికడ్డం పెట్టుకుని, "చాల్లెండి, డ్యూటీ అయిపోయింది" అనేవారు.

ఇక లిఫ్టులో ఎక్కువగా వినిపించే మాట మెయింటెనెన్స్. నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. కరెంటు బిల్లు కట్టి వచ్చేవాళ్లు మామూలుగానే వస్తారు. కేబుల్ బిల్లు కట్టి వచ్చేవాళ్లూ అంతే. మెయింటెనెన్స్ అనేసరికి మాత్రం ప్రతి మనిషిలోనూ ఒక ప్లీడరు లేచి కూర్చుంటాడు.

మొదటి అంతస్తు పద్మనాభం గారికి హోమియో మందుల షాపుంది. ఆయన వాదన ఇది. "మేం మెట్లెక్కుతామండీ. ఒక్క అంతస్తుకి లిఫ్టెందుకు? ఎక్కని బండికి టిక్కెట్టు కొనమంటే ఎట్టాగండీ?" మాట మీద నిలబడే మనిషి, ఎన్నడూ లిఫ్టెక్కేవారు కాదు. అయితే గ్యాస్ బండ వచ్చిన రోజున దాన్ని లిఫ్టులోకి దొర్లించి, ఒకటో నంబరు నొక్కి, ఇనుప గేటు మూసి, తాను మాత్రం మెట్లమీద పరుగెత్తుకెళ్లి పైన దాన్ని దించుకునేవారు. ఎవరైనా చూసి నవ్వితే, "ఎక్కింది బండండీ, నేను కాదుగా?" అనేవారు ఎగపోస్తూ.

ఒకసారి దేవసహాయం గారు అడ్డం తగిలారు. "పద్మనాభం గారూ, మనిషికి టిక్కెట్టు వద్దంటే సరే. బండకి లగేజీ టిక్కెట్టు కొట్టమంటారా?"

"మీకేమండీ, పింఛను రాగానే కట్టేస్తారు."

"టిక్కెట్టు తీసుకోకుండా దిగడం మా డిపోలో నేర్పలేదండీ మరి" అన్నారు దేవసహాయం గారు.

మూడో అంతస్తు రాజ్యలక్ష్మి గారి లెక్క వేరు. "ఇంట్లో మేం ఇద్దరం. పైనవాళ్లు ఆరుగురు. వాళ్లు స్నానాలు చేసే నీళ్లకి మేమెందుకు కట్టాలి?" పైన ఉండే ఆరుగురు దీనికి ఏమంటారంటే, "మేం మెట్ల లైట్లు వేసుకోం, కిందవాళ్లే వేసుకుంటారు" అంటారు. చక్రధర్ అయితే హైదరాబాదు నుంచి ఫోనులోనే తేల్చేసేవాడు. విరూపాక్షం గారు లిఫ్టులో నిలబడి స్పీకరు పెట్టి మాట్లాడుతుంటే నేనే విన్నాను. "తాళం వేసిన ఇల్లు నీళ్లు తాగుద్దా సార్? లిఫ్టెక్కుద్దా? ఖాళీ గోడలకి మెయింటెనెన్స్ ఏందండీ?"

ఎవరి మాటకు వాళ్ల మాట సబబుగానే ఉండేది. వినీ వినీ నేనే తల ఊపేదాన్ని, ఊపడానికి తలంటూ ఉంటే. అన్ని సబబులూ కలిసేసరికి లిఫ్టులో ఫ్యాను ఆగిపోయింది. కొన్నాళ్లకు రెండు లైట్లలో ఒకటి పోయింది. తాడుకి గ్రీజు పెట్టడం మానేశారు. ఆగకుండా పనిచేసింది ఒక్క గొంతు. గేటు తీసి వదిలేస్తే లిఫ్టు లోపలినుంచి ఒక ఆడగొంతు, "దయచేసి తలుపు వేయండి, దయచేసి తలుపు వేయండి" అంటూనే ఉంటుంది. ఎవరూ పట్టించుకోకపోయినా దానికి కోపం రాదు, అలసటా రాదు.

విరూపాక్షం గారు మొదట్లో మంచి ఉత్సాహంగా ఉండేవారు. ఇంటింటికీ వెళ్లి అడిగేవారు. ఆయన మోపెడ్ అమ్మి స్కూటరు కొనుక్కున్నప్పుడు ఎవరో లిఫ్టులోనే, "అసోసియేషన్ బాగా నడుస్తున్నట్టుందే సార్, కొత్త బండీ!" అన్నారు. ఆయన నవ్వేశారు. తర్వాత ఎవరో ఏసీ గురించి అన్నారు. అప్పుడూ నవ్వారు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఎవరేమన్నా ఆయన ముఖం మమ్మల్ని బిగించిన స్టీలు రేకులా ఉండిపోయేది. అందులో ఎదుటివాడి ముఖం కనపడుతుంది తప్ప లోపల ఏముందో తెలియదు.

అట్లాంటి రోజుల్లో దేవసహాయం గారికి పక్షవాతం వచ్చింది.

ఆస్పత్రినుంచి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కుడిచెయ్యి ఖాళీ సంచిలా వేలాడుతోంది. కుడికాలు కదలడం లేదు. మాట ముక్కలు ముక్కలుగా, సగం నోట్లోనే ఉండిపోతోంది. నాకు అలవాటైన వేలు నా ముందునుంచే వెళ్లింది గానీ నావైపు లేవలేదు.

కుర్చీపోయి కర్ర వచ్చాక, ఫిజియోథెరపీకి ఆటోలో వెళ్లిరావడం మొదలుపెట్టారు. అక్కడి అమ్మాయి చెప్పిన మాటను సువార్తమ్మ గారు లిఫ్టులో రోజూ గుర్తుచేసేవారు. "ఎడంచేతిని సాయానికి రానియ్యొద్దందండీ. చిన్న పనైనా సరే కుడివేలితోనే చెయ్యాలంట. ఊఁ, నొక్కండి."

ఆయన భుజం నుంచి చేతిని లేపేవారు. ఆ చెయ్యి లేచే ఎత్తు సరిగ్గా నా దాకానే. నా నెత్తిమీదున్న మూడో నంబరు ఆయనకి అందదు. వేలు వచ్చి నామీద వాలేది, జారిపోయేది. మళ్లీ వాలేది. దాన్లో బలమే కాదు, స్పర్శ కూడా లేదు. పాత కాయ అట్లాగే ఉంది గానీ దానికింద మనిషి లేనట్టుంది. నొక్కారో లేదో ఆయనకే తెలిసేది కాదు. వేలు చెప్పలేని సంగతిని కంటితో చూసి తెలుసుకోవాలి. అందుకని ఆయనకి నా దీపం కావాలి. వెలిగితే నొక్కినట్టు, వెలగకపోతే నొక్కనట్టు. ఆయనకి ఇంకో గుర్తు లేదు.

వేసవి పోయి వానలు పడుతుండగా ఒక సాయంత్రం ఆ వేలు నన్ను కిందికి దించింది. వెలిగాను. ఆయన నావైపు చాలాసేపు చూశారు. నోరు వంకరగా కదిలింది. "రై..." అన్నారు. మిగతా సగం రాలేదు. సువార్తమ్మ గారు గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజునుంచి పదిసార్లు ప్రయత్నిస్తే నాలుగైదుసార్లు వెలిగించేవారు. అపార్టుమెంటులో ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. ఒక మనిషి బటన్ నొక్కడంలో వింతేముంటుంది?

లిఫ్టు తాడు మార్చాలని మెకానిక్ చెప్పిన నెలలో మీటింగు పెట్టారు. మీటింగులు పార్కింగులో, లిఫ్టు ఎదురుగానే జరుగుతాయి. చోటు చాలక రెండు కుర్చీలు లిఫ్టు లోపల కూడా వేస్తారు. గేటు తెరిచే ఉంటుంది కాబట్టి ఆడగొంతు తలుపు వేయమంటూనే ఉంటుంది, వీళ్లు దాని మీదుగా మాట్లాడుకుంటారు. అందుకే అన్నీ నాకు వినపడతాయి.

తాడు ఖర్చు సంగతి వచ్చింది. ఖర్చు నుంచి బాకీలకు, బాకీల నుంచి చక్రధర్ దగ్గరికి వచ్చారు. "కట్టనివాళ్లకి లిఫ్టెందుకండీ?" అన్నారు పద్మనాభం గారు, ఎన్నడూ లిఫ్టెక్కని మనిషి. "రెండో నంబరు తీగ కోసేయండి. సెగ తగిలితే ఆయనే దారికొస్తాడు."

"ఆయన హైదరాబాదులో ఉన్నాడు కదండీ. సెగ ఎవరికి తగిలేది?" అని ఎవరో అడిగారు.

మెయింటెనెన్స్ ఫ్లాటుకింత అని వసూలు చేస్తారు. బటనేమో అంతస్తుకొకటే ఉంటుంది. కోస్తే అంతస్తంతా పోతుంది. చివరన కూర్చున్న సువార్తమ్మ గారు లేచారు. "బాబూ, మావారికి నడక..." అన్నారు.

"మీమీద కాదండీ సువార్తమ్మగారూ. మీరు టయానికి కడతారు, మాకు తెలీదా?" అన్నారు పద్మనాభం గారు మర్యాదగా. "పక్కింటివాళ్లుగా మీరు కూడా ఆయనకి ఫోన్ చేసి గట్టిగా అడగండి. పది రోజుల్లో తేలిపోద్ది."

విరూపాక్షం గారు ఒకసారి ఆవిడవైపు చూశారు. చేతులెత్తమన్నారు. ఎత్తారు. ఆయన రాసుకున్నారు.

మర్నాడు మెకానిక్ వచ్చి రేకు విప్పి, నా వెనకున్న తీగ కోసి, కొనకి టేపు చుట్టాడు. రెండో అంతస్తులో బయట గోడకున్న బటన్‌దీ కోశాడు. నాకు నొప్పి లేదు. తిమ్మిరి అంటారే, అదీ కాదు. తిమ్మిరిలో చీమలు పాకినట్టుంటుందట. నాకేమీ పాకలేదు. పాత జాగాలోనే, పాత రూపంలోనే ఉన్నాను, అంతే.

ఆ సాయంత్రం దేవసహాయం గారు, సువార్తమ్మ గారు ఫిజియోథెరపీనుంచి వచ్చారు. లిఫ్టులో విరూపాక్షం గారు, రాజ్యలక్ష్మి గారు ఉన్నారు. దేవసహాయం గారు అలవాటుగా చెయ్యి లేపి నన్ను నొక్కారు. బాగా నొక్కారు. నేను లోపలికి దిగాను. స్ప్రింగు టిక్‌మన్నా, పైన పాత ఇంజను రొదలో అది ఎవరికీ వినపడలేదు. వెలగలేదు. మళ్లీ నొక్కారు. మళ్లీ. విరూపాక్షం గారు తల పైకెత్తి తిరగని ఫ్యాను వంక చూశారు. రాజ్యలక్ష్మి గారు సంచిలో తాళాలు వెతకడం మొదలుపెట్టారు. దేవసహాయం గారు నన్ను చూడలేదు. తన వేలిని చూసుకున్నారు.

సువార్తమ్మ గారు గబుక్కున మూడో నంబరు నొక్కారు. అది వెలిగింది. "ఇయ్యాళ మూడుకెళ్లి దిగొద్దామండీ. మెట్లు దిగడం కాలికి మంచిదంటగా" అన్నారు.

అప్పటినుంచి వాళ్ల దారి అదే. ఇంటికి రావాలంటే మూడుకెక్కి ఒక అంతస్తు దిగాలి. బయటికెళ్లాలంటే మెట్లమీద ఒకటికి దిగి అక్కడ లిఫ్టెక్కాలి. ఎక్కడం ఆయనవల్ల కాదు కాబట్టి ఎటెళ్లినా దిగడమే. ఒక్కో మెట్టుమీదా కర్ర ముందు, ఎడంకాలు తర్వాత, ఈడ్చుకుంటూ కుడికాలు. ఆ చప్పుడు లిఫ్టు గేటులోంచి వినేదాన్ని.

రాజ్యలక్ష్మి గారు ఒకరోజు సువార్తమ్మ గారితో లిఫ్టులో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగారు. "పిన్నిగారూ, బాబాయిగారికి చెప్పలేదా తీగ కోశారని?"

"ఎట్టా చెప్పమంటావమ్మా? కట్టేవాళ్లం మనం, శిక్ష మనకి అంటే ఆయన ఊరుకుంటారా? మీటింగుకొచ్చి అరుస్తారు. కోపం పనికిరాదని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. మళ్లీ పక్షవాతం వస్తే మనిషి దక్కడన్నారు." చెంగు సర్దుకున్నారు. "లిఫ్టు చెడిందనుకుంటున్నార్లే. చక్రధర్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నా. లెక్కలు చూపిస్తే కడతానంటాడు, లెక్కలు పంపితే చూస్తానంటాడు."

లిఫ్టు చెడిందని ఆయన అనుకోవడం లేదు. ఆయన చూపు ఎక్కడుందో నేను చూశాను. భార్య వేలికి మూడు వెలుగుతోంది, తన వేలికి రెండు వెలగడం లేదు. ఇంకేమనుకుంటారు? ఎడమ డబ్బాలో పడ్డవాటి గురించి షెడ్డులో ఏమనుకునేవారో ఆయనా అదే అనుకున్నారు. నాకు నోరు లేదు. నా నోరే ఆ దీపం. దాన్ని కోసేశారు.

మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆయన నొక్కడం చూశారు, ఒక్కరు కాదు, అందరూ. వాళ్లలో ఎవరైనా ఒక్కమాట చెప్పొచ్చు. ఆవిడ చెప్పే ఉంటుందిలే అనుకున్నారు. విరూపాక్షం గారు చెప్పే ఉంటారులే అనుకున్నారు. నోటీసు బోర్డులో ఉందిగా అనుకున్నారు. ఫ్యాను బాగుచేయించడం గురించి కూడా వాళ్లు అట్లాగే అనుకునేవారు.

కొన్నాళ్లు నొక్కి చూశారాయన. తర్వాత రోజుకొకసారి, ఎవరూ చూడనప్పుడు. తర్వాత చెయ్యి లేవలేదు. కుడిచేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడేవారు. ఫిజియోథెరపీకి వెళ్లడం మానేశారు. సువార్తమ్మ గారు బతిమాలేవారు. "బాగా వస్తోందని ఆ అమ్మాయి ఎంత సంతోషపడిందండీ! ఇప్పుడు మానేస్తే చెయ్యి బిగుసుకుపోద్దంట. వారానికొకసారైనా రండి." ఆయన తల అడ్డంగా ఊపేవారు. ఎందుకో చెప్పేవారు కాదు. చెప్పడానికి మాటలూ సరిగా లేవు. చివరికి ఆదివారం చర్చికి తప్ప కిందికి దిగడం లేదు.

దసరా వచ్చింది. విరూపాక్షం గారి భార్య పళ్లెంతో వచ్చి లిఫ్టుకి బొట్లు పెట్టారు. సున్నాకీ, ఒకటికీ, నాకూ, మూడుకీ, నాలుగుకీ. తీగ లేదని నాకు తక్కువ చేయలేదు.

క్రిస్మస్ ముందర ఒక ఆదివారం మళ్లీ మీటింగు పెట్టారు. తాడు సంగతి ఇంకా తేలలేదు. చర్చినుంచి దేవసహాయం గారు, సువార్తమ్మ గారు వచ్చేసరికి పార్కింగు నిండా జనం, లిఫ్టులో కుర్చీలు. "ఐదు నిమిషాల్లో అయిపోద్ది, కూర్చోండి అంకుల్" అని ఎవరో లిఫ్టులోని కుర్చీ ఖాళీచేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన భుజం నాకు దగ్గరగా ఉంది.

మూడో అంతస్తులో రాజ్యలక్ష్మి గారి ఎదురింటివాళ్లు కూడా కట్టడం మానేశారని విరూపాక్షం గారు చదివారు.

"అయితే మూడో నంబరు తీగ కూడా కోయిద్దామండీ" అన్నారు పద్మనాభం గారు.

"ఏందండీ కోసేది?" రాజ్యలక్ష్మి గారు లేచి నిలబడ్డారు. "మేం కడుతున్నాం కదా! రెండో నంబరు తీగ కోసి ఇన్ని నెలలైంది, చక్రధర్ కట్టాడా? కట్టలేదు. పాపం వీళ్లు మా గుమ్మం ముందునుంచి మెట్లు దిగుతున్నారు, అంతేగా జరిగింది?"

సువార్తమ్మ గారు చెయ్యి అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. రాజ్యలక్ష్మి గారు చూసుకునేసరికే ఆలస్యమైంది.

దేవసహాయం గారు తలెత్తారు. "తీ... గా?" అన్నారు.

ఆయన నావైపు తిరిగారు. జేబులోంచి కుడిచేతిని ఎడంచేత్తో పట్టి బయటికి తీశారు. వదిలేశారు. అది కొంచెం కొంచెంగా లేచి నామీద వాలింది. వెలగలేదు. ఆయన వేలిని చూసుకోలేదు ఈసారి. నన్ను చూశారు. తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లని, బస్సులో వెనకనుంచి ముందుకి టిక్కెట్లు చూసుకుంటూ వచ్చినట్టు, ఒక్కొక్కరినీ చూశారు.

"నేను... వేలు... అనుకున్నా."

ఆ మూడు మాటలు కూడదీసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆయన ఆగిన చోటల్లా ఆడగొంతు దయచేసి తలుపు వేయమంది.

"అయ్యో, మీకు తెలీదా? ఇంట్లో చెప్పారనుకున్నానే!" అన్నారు పద్మనాభం గారు.

"నోటీసు పెట్టాం" అన్నారు విరూపాక్షం గారు, చేతిలో కాగితాలనుంచి తలెత్తకుండా. రాజ్యలక్ష్మి గారు కూర్చుండిపోయారు.

"కోపమొస్తుందని చెప్పలేదండీ" అన్నారు సువార్తమ్మ గారు. "వేలనుకుంటారని నాకేం తెలుసు? నాకట్టా తట్టలేదండీ."

ఆయనకి కోపం రాలేదు. ఆవిడ ఇన్నాళ్లూ భయపడిన కోపం అసలు రాలేదు. ఆయన మెల్లగా తల ఊపారు.

తర్వాత ఎవరో దగ్గారు. "సరే, తాడు సంగతి చూద్దాం" అన్నారు. చూశారు. వచ్చే నెల మీటింగులో తేలుద్దామని అనుకుని లేచారు. కుర్చీలు తీశాక సువార్తమ్మ గారు మూడో నంబరు నొక్కారు. పైకి వెళ్తున్నంతసేపూ ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు. దేవసహాయం గారు ఆవిడ భుజం మీద ఎడంచెయ్యి వేసి నిలబడ్డారు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట విరూపాక్షం గారు మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చి నా తీగ అతికించారు. తీర్మానం లేదు, నోటీసూ లేదు. అతికించాక తానే ఒకసారి నన్ను నొక్కి చూసుకున్నారు. వెలిగాను. వేలు తీయకుండా కొంచెంసేపు అట్లాగే నిలబడ్డారు. ఆయన వేలికి సుద్దపొడి అంటుకుని ఉంది. మెయింటెనెన్స్ కట్టని వాళ్లకు లిఫ్టెట్లా ఇస్తారని తర్వాత ఎవరో అడిగితే, "నాకు తెలీదండీ" అన్నారు.

ఆ సాయంత్రం దేవసహాయం గారు లిఫ్టులోకి వచ్చి నన్ను నొక్కారు. వేలు వాలింది. నేను దిగలేదు. మళ్లీ వాలింది. దిగలేదు. నెలల తరబడి జేబులో ఉన్న చెయ్యి, ఆ అమ్మాయి చెప్పినట్టే బిగుసుకుపోయింది. తీగ ఉంది, దీపం ఉంది, వేలిలో సత్తువ లేదు. సువార్తమ్మ గారు కంగారుగా, "తీగ అతికించారన్నారే! ఉండండి, నేను..." అని చెయ్యి చాపారు.

ఆయన ఎడంచేత్తో ఆవిడని ఆపారు. "ఈసారి... వేలే" అన్నారు. నోరు వంకరగా కదిలింది. అది నవ్వని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. మర్నాటినుంచి ఫిజియోథెరపీకి వెళ్లడం మళ్లీ మొదలుపెట్టారు.

తాడు సంగతి మీటింగుల్లో తేలలేదు. చివరికి తాడే తేల్చింది. ఒకరోజు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి ఇక కదలనంది. అప్పుడు తాడుతోపాటు లోపలి పెట్టె కూడా మార్చక తప్పలేదు. అందరూ సణుక్కుంటూనే కట్టారు. పద్మనాభం గారూ కట్టారు. కొన్న కొత్త ఫ్రిజ్జు మెట్ల మలుపులో పట్టలేదట. చక్రధర్ ఇల్లు అద్దెకిచ్చాడు. ఆ అద్దెకున్నవాళ్లు మెయింటెనెన్స్ అడిగితే, "ఓనరుగారినడగండి" అంటున్నారట.

కొత్త పెట్టెలో వేలు తాకితే చాలు, నొక్కనక్కర్లేదట. మమ్మల్ని రేకుతో సహా ఊడదీసి పార్కింగులో పాత ఇనుము గోనెలో పడేశారు. నా తోటివి తూకానికి వెళ్లిపోయాయి. నేను వెళ్లలేదు. దేవసహాయం గారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, గోనె ముందు నిలబడి, నన్ను చూపించి, సువార్తమ్మ గారితో ఊడదీయించుకున్నారు.

ఇప్పుడు నేను రెండువందల ఒకటిలో కిటికీ గట్టుమీద ఉంటున్నాను. నాకు తీగ లేదు, దీపం లేదు. అంచుల్లో కుంకుమ మాత్రం ఉంది. పొద్దున కాఫీ తాగాక ఆయన కుర్చీ జరుపుకుని నన్ను నొక్కుతారు. వేలికి ఇంకా స్పర్శ రాలేదు. ఇక్కడ ఇంజను రొద లేదు కాబట్టి స్ప్రింగు చప్పుడు వినపడుతుంది. వేలు నన్ను దించితే టిక్‌మంటాను. దించకపోతే అనను. వెలుగుతానని ఆయన ఎదురుచూడరు, వెలగలేదని నేనూ బాధపడను. ఇవాళ పొద్దున ఒకసారి టిక్‌మన్నాను. "రైట్" అన్నారాయన. చివరి అక్షరం కూడా పలికింది.

అంతలో బయట లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడైంది. పెట్టె మారినా గొంతు మారలేదు. ఎవరో గేటు తీసి అట్లాగే వదిలేసి వెళ్లినట్టున్నారు. దయచేసి తలుపు వేయండి, దయచేసి తలుపు వేయండి. చాలాసేపు అంటూనే ఉంది. ఎవరో ఒకరు వేస్తారులే అని ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఉంటారు.

దేవసహాయం గారు నన్ను గట్టుమీదే వదిలి, కర్ర అందుకుని లేచారు.